ఒమిసీదియో కుల్పోజో అంటే కల్పబుల్ హోమిసైడ్ కాదు

మీ ప్రశ్న ఇదీ: గోవాలో పోర్చుగీసు నేర్చుకున్నారు. ఒక ఏజెన్సీ మీకు బ్రెజిల్ కోర్టు తీర్పు పంపింది. మీరు రాసే ఇంగ్లీషు ప్రతి లండన్‌లో ఒక లాయరు చేతికి వెళ్తుంది. అందులో ఉన్న "ఒమిసీదియో కుల్పోజో"ని (నిర్లక్ష్యం వల్ల ఒకరి ప్రాణం పోవడం) "కల్పబుల్ హోమిసైడ్" అనొచ్చా, ఇలాంటి మాటలకు ఎదురుగా సరైన ఇంగ్లీషు మాట ఇచ్చే నిఘంటువు ఏదైనా ఉందా, రాసే ఇంగ్లీషు బ్రిటన్ కోర్టులదై ఉండాలా, అమెరికాదా, మనదా అని అడిగారు.

అనొద్దు. "నెగ్లిజెంట్ హోమిసైడ్" అని రాయండి. నిఘంటువులు ఉన్నాయి గానీ వాటి మీద భారం వేయకండి. ముందు ఆ కాగితం ఏ దేశానిదో చూడండి. తర్వాత ఆ మాట పక్కనున్న ఆర్టికల్ నంబరు పట్టుకుని, ఆ నేరం రుజువు కావాలంటే ఏమేం ఉండాలని చట్టం అంటుందో చదవండి. ఆ పైన చదివేవారికి తప్పు అర్థం తోచని ఇంగ్లీషు వెతకండి. ఎవరి ఇంగ్లీషు అన్నదానికి: స్పెల్లింగు, వాక్యం నడక బ్రిటన్‌వి ఉంచండి, నేరాల పేర్లు మాత్రం ఏ దేశపు చట్టం నుంచీ అరువు తెచ్చుకోకండి.

నేను లా చదివాక పోర్చుగీసు నేర్చుకుని, చాలా ఏళ్లుగా బ్రెజిల్, పోర్చుగల్ కోర్టు కాగితాలే ఎక్కువగా చేస్తున్నాను. ఇక్కడ పోర్చుగీసు మాటల్ని స్పెల్లింగును బట్టి తెలుగులో రాస్తున్నాను. పలకడం లిస్బన్‌లో ఒకలా, సావో పౌలోలో ఇంకోలా ఉంటుంది.

మీ మాట దగ్గరే మొదలుపెడతాను. బ్రెజిల్ పీనల్ కోడ్ 1940లో వచ్చింది, 1942 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని 18వ ఆర్టికల్ నేరాల్ని రెండు రకాలు చేస్తుంది. ఫలితాన్ని కోరి చేసినా, అది జరిగే ముప్పుకు సిద్ధపడి చేసినా "దొలోజో". దుడుకుతనం వల్లో, అజాగ్రత్త వల్లో, చేతగానితనం వల్లో ఫలితం వస్తే "కుల్పోజో". అంటే కుల్పోజో అన్న చోట చంపాలన్న ఉద్దేశమే లేదు. మన దగ్గర కల్పబుల్ హోమిసైడ్ అంటే పాత ఐపీసీ 299, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 100. దానికి చంపాలన్న ఉద్దేశమో, చావు రావచ్చన్న ఎరుకో ఉండి తీరాలి. కాబట్టి పోలిక చూసి రాసిన ఆ ఒక్క మాట నేరాన్ని తలకిందులు చేస్తుంది. బ్రెజిల్లో ఒకటి నుంచి మూడేళ్ల శిక్ష ఉన్న నేరం మన జడ్జిగారి కళ్లకు హత్యకు ఒక్క మెట్టు కింద ఉన్నదిగా కనిపిస్తుంది. మన చట్టంలో దానికి దగ్గరగా ఉండేది పాత 304ఏ, ఇప్పటి 106.

మీ పాఠకుడు లండన్ లాయరు కాబట్టి "మాన్‌స్లాటర్" (ఇంగ్లండు చట్టంలో హత్య కంటే తక్కువదైన నరహత్య) అంటే పోలేదా అనిపించవచ్చు. పోదు. ఇంగ్లండులో నిర్లక్ష్యం మాన్‌స్లాటర్ స్థాయికి చేరాలంటే అది చాలా ఘోరమైనదై ఉండాలి. బ్రెజిల్ చట్టం అంత అడగదు. మీ తీర్పులో 121వ ఆర్టికల్ మూడో పేరా అని ఉంటే "నెగ్లిజెంట్ హోమిసైడ్" చాలు. 1997 నాటి ట్రాఫిక్ కోడ్‌లోని 302 అని ఉంటే అది బండి నడుపుతూ చేసిన నేరం, శిక్ష రెండు నుంచి నాలుగేళ్లు. ఆ మాట కూడా పేరులో కలిపి రాయాలి. తీర్పు "ఇంప్రుదెన్సియా" (దుడుకుతనం), "నెగ్లిజెన్సియా" (అజాగ్రత్త), "ఇంపెరీసియా" (చేతగానితనం) అని మూడింటినీ విడివిడిగా అంటుంటే మీరూ విడిగానే ఉంచండి. మూడింటినీ కలిపి ఒకే "నెగ్లిజెన్స్" చేస్తే, డాక్టరు మీద పెట్టింది చేతగానితనమా, అశ్రద్ధా అన్న తేడా పోతుంది. నష్టపరిహారం దావా వేసే లాయరుకు కావాల్సింది ఆ తేడాయే.

అదే మాట పోర్చుగల్ కాగితంలో వస్తే కథ వేరు. పోర్చుగల్ 1982 కోడ్‌లో ఇదే నేరం 137వ ఆర్టికల్, దాని పేరు "ఒమిసీదియో పోర్ నెగ్లిజెన్సియా". అక్కడ "కుల్పా" అంటే మనిషి మీద నింద మోపడానికి ఆధారమైన దోషం. శిక్ష ఎంత వేయాలన్న చర్చలో లిస్బన్ జడ్జి "కుల్పా" అంటే దాన్ని నిర్లక్ష్యంగా అనువదించారంటే, కావాలని చేసిన హత్య తీర్పులో హఠాత్తుగా నిర్లక్ష్యం దూరుతుంది. అందుకే దేశం ఏదో ముందు చూడమన్నాను. అంగోలా, మొజాంబిక్ కాగితాలు వస్తే ఇంకా జాగ్రత్త. అంగోలాలో 1886 నాటి పోర్చుగీసు పీనల్ కోడే 2021 దాకా నడిచింది. కాగితం మీద తేదీ చూడకుండా ఏ కోడ్ తెరవాలో కూడా తెలియదు.

ఉద్దేశానికీ నిర్లక్ష్యానికీ మధ్య ఒక మాట ఉంది, "దోలో ఎవెంతువాల్". ఫలితం కోరలేదు, కానీ జరిగితే జరగనీ అనుకుని ముందుకు వెళ్లాడని అర్థం. దాని పక్కింట్లోనే "కుల్పా కొన్సియెంతె" ఉంటుంది. ముప్పు తెలుసు, కానీ జరగదులే అని నిజంగా నమ్మాడు. ఈ సన్నని గీత మీద ఎంత ఆధారపడి ఉంటుందో 2013 జనవరి 27న సాంతా మరియా నగరంలో కిస్ నైట్‌క్లబ్ తగలబడినప్పుడు అందరికీ తెలిసింది. 242 మంది చనిపోయారు. బ్రెజిల్లో జ్యూరీ ముందుకు వెళ్లేది ప్రాణం మీద ఉద్దేశపూర్వకంగా చేసిన నేరాలే. కాబట్టి నలుగురు నిందితులది దోలో ఎవెంతువాలా, నిర్లక్ష్యమా అన్నదాన్ని బట్టే విచారణ ఎవరి ముందన్నది తేలుతుంది. 2021 డిసెంబరులో జ్యూరీ నలుగురినీ దోషులంది. 2022లో రాష్ట్ర అప్పీలు కోర్టు ఆ విచారణను రద్దు చేసింది. 2024లో సుప్రీంకోర్టు స్థాయిలో జ్యూరీ తీర్పు మళ్లీ నిలిచింది. ఇలాంటి ఫైలులో దోలో ఎవెంతువాల్‌ను "రెక్‌లెస్‌నెస్" (ముప్పు తెలిసీ తెగించడం) అని రాసేవాళ్లున్నారు. ఇంగ్లీషు న్యాయంలో రెక్‌లెస్‌నెస్ అన్న మాట ఈ రెండిళ్లనూ కలిపి కప్పేస్తుంది. ఏళ్ల తరబడి ఏ తేడా మీద వాదించారో ఆ తేడాయే అనువాదంలో మాయమవుతుంది. నేను లాటిన్‌లో "దోలుస్ ఎవెంతువాలిస్" అని రాసి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యంలో దాని అర్థం చెప్తాను. లండన్ లాయరు లాటిన్ చూసి ఆగుతాడు. ఆగి వివరం చదవడమే మనకు కావాల్సింది.

ఇక కేసు నడిచే తీరు. నా అనుభవంలో నేరాల పేర్ల కంటే ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది.

బ్రెజిల్లో "ఇందిసియాదో" అన్న మాట "ఇండిక్టెడ్"లా, అంటే లాంఛనంగా నేరారోపణ జరిగినట్టు వినిపిస్తుంది. అది దర్యాప్తు చివర పోలీసు అధికారి చెప్పే అభిప్రాయం మాత్రమే: ఈ మనిషే చేశాడనడానికి ఆధారాలున్నాయని. ఆ తర్వాత ప్రాసిక్యూటర్ నేరారోపణ దాఖలు చేస్తే "దెనూన్సియా". దాన్ని కోర్టు తీసుకున్నాకే ఆ మనిషి "రెఉ", అంటే ముద్దాయి. మాజీ అధ్యక్షుడు జైర్ బోల్సొనారో కేసులో ఈ మెట్లన్నీ విడివిడిగా కనిపిస్తాయి. 2024 నవంబరులో ఫెడరల్ పోలీసులు ఆయన్నీ మరో 36 మందినీ ఇందిసియాదోలుగా తేల్చారు. 2025 ఫిబ్రవరి 18న ప్రాసిక్యూటర్ జనరల్ దెనూన్సియా వేశారు. మార్చి 26న సుప్రీంకోర్టు బెంచి దాన్ని స్వీకరించడంతో ఆయన రెఉ అయ్యారు. సెప్టెంబరులో 27 ఏళ్ల 3 నెలల శిక్ష పడింది. కానీ 2024 నవంబరులోనే, పోలీసుల దశలోనే, కొన్ని ఇంగ్లీషు వార్తల్లో "ఇండిక్టెడ్" అని వచ్చేసింది. ఫిబ్రవరికి వచ్చేసరికి వాళ్లకు "చార్జ్‌డ్" అనక తప్పలేదు. వరసగా చదివిన పాఠకుడికి ఆయన మీద రెండుసార్లు నేరారోపణ జరిగినట్టు తోచింది.

నేను రాసేది ఇలా: ఇందిసియాదోకు "ఫార్మల్లీ నేమ్‌డ్ యాజ్ ఎ సస్పెక్ట్ బై ది పోలీస్". దెనూన్సియాకు "ఫార్మల్ చార్జెస్ ఫైల్డ్ బై ది ప్రాసిక్యూటర్". పొడుగే, అయినా తప్పు దారి పట్టించవు. భారతీయ పాఠకుడి కోసం దెనూన్సియాను "ఛార్జిషీటు" చేయాలన్న ఆశ పుడుతుంది. మన ఛార్జిషీటు పోలీసులు వేసేది. అక్కడ పోలీసు నివేదిక వేరు, దెనూన్సియా వేరు, రెండూ ఒకే ఫైలులో ఉంటాయి. రెండింటికీ ఒకే పేరు పెడితే తర్వాత పేజీల్లో ఏది ఏదో తెలియక కొట్టుకుపోతాం.

ఇక్కడే పోర్చుగల్ మళ్లీ అడ్డం వస్తుంది. అక్కడ "దెనూన్సియా" అంటే ఎవరైనా పోలీసులకో ప్రాసిక్యూటర్‌కో నేరం గురించి చెప్పడం. ప్రాసిక్యూటర్ వేసే నేరారోపణ "అకుజసావ్". "కెయిషా" అంటే పోర్చుగల్‌లో బాధితుడి ఫిర్యాదు, కొన్ని నేరాల్లో అది లేనిదే కేసు కదలదు. బ్రెజిల్ "కెయిషా-క్రీమె" అలా కాదు, బాధితుడే తన లాయరు ద్వారా కోర్టులో వేసే ప్రైవేటు నేరారోపణ. బ్రెజిల్ దెనూన్సియాను పోర్చుగల్ అర్థంలో "రిపోర్ట్" అని రాస్తే, ఇప్పటికే కోర్టు మెట్లెక్కిన మనిషి మీద ఎవరో స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చారన్నంతగా కుదించినట్టవుతుంది. వీసా అధికారికి ఈ రెండింటి మధ్య తేడా చిన్నదేమీ కాదు.

పోర్చుగల్ "అర్గీదో"ను మాత్రం నేను అనువదించను. ఒక మనిషికి ఆ హోదా ఇచ్చాక మౌనంగా ఉండే హక్కు, లాయరును పెట్టుకునే హక్కు వస్తాయి. తన చిరునామా మారితే తెలియజేయాల్సిన బాధ్యతా వస్తుంది. 2007లో ఆల్గార్వ్ తీరంలో ఒక బ్రిటిష్ పాప కనిపించకుండా పోయినప్పుడు ఈ మాట బ్రిటన్ పత్రికల్లో అలాగే అచ్చయింది. "సస్పెక్ట్" అంటే తక్కువ, "అక్యూజ్‌డ్" అంటే ఎక్కువ. అర్గీదో అని ఉంచి, మొదటిసారి ఒక వివరణ ఇవ్వడమే మేలు. బ్రెజిల్ "దెలెగాదో"కూ అంతే. లా డిగ్రీ ఉండి, పోలీసు దర్యాప్తును నడిపే అధికారి ఆయన. "డెలిగేట్" అంటే సమావేశానికి వచ్చిన ప్రతినిధి అవుతాడు. "కమిషనర్" అంటే మనవాళ్లకు నగరం మొత్తానికి పెద్ద గుర్తొస్తాడు.

"ప్రిజావ్ ప్రెవెంతీవా" విషయంలో తెలుగువాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్షరాలా రాస్తే "ప్రివెంటివ్ డిటెన్షన్". మన దగ్గర ఆ మాటకు పీడీ యాక్టు గుర్తొస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన ఆ చట్టం కింద విచారణ లేకుండానే మనిషిని లోపల పెట్టవచ్చు. ప్రిజావ్ ప్రెవెంతీవా అలాంటిది కాదు. కేసు నడుస్తుండగా జడ్జి ఉత్తర్వుతో నిందితుణ్ణి జైల్లో ఉంచడం. బ్రిటన్ పాఠకుడికి "రిమాండ్ ఇన్ కస్టడీ", అమెరికన్‌కు "ప్రీట్రయల్ డిటెన్షన్", మన కోర్టుకు "జ్యుడిషియల్ కస్టడీ". అసలు "ప్రిజావ్" అన్న ఒక్క మాటే అరెస్టుకూ జైలుశిక్షకూ కూడా పనిచేస్తుంది. "మందాదో దె ప్రిజావ్" అరెస్టు వారెంటు. "పెనా దె ప్రిజావ్" జైలుశిక్ష. "ప్రిజావ్ ఎమ్ ఫ్లగ్రాంతె" నేరం చేస్తుండగానో, చేసిన వెంటనేనో పట్టుకోవడం. మెషీన్ ట్రాన్స్‌లేషన్ ఇవి మూడూ కలిపేయడం నేను తరచూ దిద్దుతుంటాను. అరెస్టయ్యాడన్న చోట జైలుశిక్ష పడిందని వస్తే ఒక మనిషి ఉద్యోగం పోతుంది.

ఆస్తి నేరాల్లో "ఫుర్తో" అంటే దొంగతనం, ఆర్టికల్ 155. "రౌబో" అంటే బెదిరించో, బలప్రయోగం చేసో లాక్కోవడం, ఆర్టికల్ 157. ఈ రెండింటికీ "థెఫ్ట్", "రాబరీ" అనడంలో ఇబ్బంది లేదు. చిక్కు నేర వివరణలో ఉంది. తుపాకీ చూపించి దోచుకున్న కేసుల దెనూన్సియాలో ఈ వాక్యం దాదాపు ఇలాగే వస్తుంది: "సుబ్త్రాయు, పరా సి, మెదియాంతె గ్రావె అమెయాసా ఎజెర్సీదా కొమ్ ఎంప్రెగో దె ఆర్మా దె ఫోగో, కొయిజా అల్యెయా మోవెల్." కొత్తగా చేసేవాళ్లు "స్టోల్ ఎట్ గన్‌పాయింట్" అని ఒక ముక్కలో తేల్చేస్తారు. వినడానికి బాగుంటుంది, పత్రికలో అచ్చు వేయొచ్చు. కానీ ఆ వాక్యంలో ప్రతి ముక్కా ప్రాసిక్యూటర్ రుజువు చేయాల్సిన అంశం. తీసుకున్నాడు, తన కోసం, తీవ్రమైన బెదిరింపుతో, ఆ బెదిరింపుకు తుపాకీ వాడి, ఇంకొకరి చరాస్తిని. తుపాకీ గురిపెట్టాడని అక్కడ లేదు, నడుముకు ఉన్నది చూపించి ఉండొచ్చు. "సుబ్త్రాయు"కు "టుక్" అనాలి. "స్టోల్" అంటే తీర్పు ఇంకా రాకముందే దొంగ అని మనమే తేల్చినట్టు. నేను రాసేది: "టుక్ ఫర్ హిమ్‌సెల్ఫ్, బై సీరియస్ థ్రెట్ మేడ్ విత్ ది యూజ్ ఆఫ్ ఎ ఫైర్‌ఆర్మ్, మూవబుల్ ప్రాపర్టీ బిలాంగింగ్ టు అనదర్." నీరసంగా ఉన్నా అలాగే ఉంచుతాను.

"లత్రొసీనియో" చూడగానే "లార్సెనీ" అనిపిస్తుంది. లార్సెనీ మామూలు దొంగతనం. లత్రొసీనియో అంటే దోపిడీలో ప్రాణం పోవడం, దానికి చాలా పెద్ద శిక్ష. "మర్డర్" అన్నా తప్పే, ఎందుకంటే చట్టం దాన్ని ఆస్తి నేరాల కింద పెట్టింది, జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కరే విచారిస్తారు. "రాబరీ రిజల్టింగ్ ఇన్ డెత్" అనండి. "ఫుర్తో క్వాలిఫికాదో"కు "క్వాలిఫైడ్ థెఫ్ట్" రాయకండి, "అగ్రవేటెడ్" అనాలి. మత్తుమందుల కేసుల్లో వచ్చే "త్రాఫికో ప్రివిలెజియాదో"ను "ప్రివిలేజ్‌డ్ ట్రాఫికింగ్" అంటే ఏదో పెద్దింటివాళ్ల నేరమని అర్థమవుతుంది. 2006 చట్టం 33వ ఆర్టికల్ నాలుగో పేరా కింద, మొదటిసారి దొరికి, ముఠాలో లేనివాడికి ఆరో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా శిక్ష తగ్గించే సౌలభ్యం అది.

"ఎస్తెలియొనాతో" మోసం, ఆర్టికల్ 171. అదే పోర్చుగల్‌లో "బుర్లా". భారతీయ పాఠకుడికి "చీటింగ్" అన్నా నప్పుతుంది, మిగతావాళ్లకు "ఫ్రాడ్". సాక్షుల వాంగ్మూలాల్లో ఎవరైనా ఫలానా వ్యక్తిని "ఉమ్ సెతె ఉమ్" అన్నాడంటే ఖంగారు పడకండి. మనం ఫోర్‌ట్వంటీ అన్నట్టే బ్రెజిల్ వాళ్లు మోసగాణ్ణి ఒకటి-ఏడు-ఒకటి అంటారు. "కాన్‌మ్యాన్" అని రాసి, సంఖ్య ఎక్కడిదో అనువాదకుడి గమనికలో చెప్పండి. పరువు నష్టం నేరాలు బ్రెజిల్లో మూడు. లేని నేరం అంటగడితే "కలూనియా", పరువు తీసే సంగతి ఆపాదిస్తే "దిఫమసావ్", గౌరవం దెబ్బతీసేలా తిడితే "ఇంజూరియా". చివరిదాన్ని "ఇంజురీ" చేసి, గాయం ఎక్కడ తగిలిందని వెతికిన లాయర్లున్నారు.

తీర్పుకు వస్తే, "సెంతెన్సా" అంటే మొదటి కోర్టు ఇచ్చే తీర్పు. శిక్ష కాదు. "సెంతెన్సా అబ్సొలుతోరియా" అంటే నిర్దోషి అని తేల్చిన తీర్పు, దాన్ని "సెంటెన్స్" అనడం ఎంత విడ్డూరమో మీకే తెలుస్తుంది. పై కోర్టు బెంచి ఇచ్చేది "అకోర్దావ్". "ట్రాన్జితో ఎమ్ జుల్గాదో" అంటే ఇక అప్పీలుకు వీల్లేకుండా తీర్పు అంతిమమైంది. "రెక్లుజావ్", "దెతెన్సావ్" రెండూ జైలుశిక్షలే. రెక్లుజావ్‌ను పూర్తి జైలులోనే మొదలుపెట్టించవచ్చు, దెతెన్సావ్ మామూలుగా కొంత వెసులుబాటున్న పద్ధతిలో మొదలవుతుంది. బోల్సొనారో శిక్ష కూడా 24 ఏళ్ల 9 నెలల రెక్లుజావ్, 2 ఏళ్ల 6 నెలల దెతెన్సావ్ కలిపినదే. రెండో దాన్ని "డిటెన్షన్" అని రాస్తే స్టేషన్లో కూర్చోబెట్టారన్నట్టు ఉంటుంది. నేను రెండింటికీ "ఇంప్రిజన్‌మెంట్" రాసి, పక్కన మూలపదం వాలు అక్షరాల్లో ఉంచుతాను.

ఈ మధ్య ఒక తెలుగు ఇంజినీరు నా దగ్గరికి వచ్చారు. కొన్నేళ్లు బ్రెజిల్లో పనిచేసినప్పుడు ఆయన కారు తగిలి ఒకాయనకు చిన్న గాయమైంది. కేసు నడిచింది. ఇప్పుడు కెనడా కాగితాల కోసం అక్కడి కోర్టు పత్రం తెప్పించారు. దాన్ని ఎవరో ఇంగ్లీషు చేసి "అక్విటెడ్" అని రాశారు. అధికారి అయితే నిర్దోషి తీర్పు ప్రతి పంపండి అన్నారు. అలాంటి తీర్పు లేదు. పత్రంలో ఉన్నది "ఎస్తింతా అ పునిబిలిదాదె". 1995 నాటి 9.099 చట్టం 89వ ఆర్టికల్ కింద, కోర్టు కొన్ని షరతులతో కేసును ఆపి ఉంచుతుంది. గడువంతా షరతులు పాటిస్తే శిక్షించే అధికారం ముగిసిందని ప్రకటిస్తుంది. దోషి అనీ అనలేదు, నిర్దోషి అనీ అనలేదు. "ది కోర్ట్ డిక్లేర్డ్ పనిషబిలిటీ ఎక్స్‌టింగ్విష్డ్, ది కండిషన్స్ ఆఫ్ ది సస్పెన్షన్ హావింగ్ బీన్ ఫుల్‌ఫిల్డ్" అని రాసి, ఆ ఆర్టికల్ పాఠం కూడా అనువదించి జతచేశాను. మళ్లీ ప్రశ్న రాలేదు. ఆయనకు మేలు చేయాలని ఆ "అక్విటెడ్" రాశారేమో, కానీ అబద్ధం చెప్తున్న అర్జీదారుగా అధికారి ముందు నిలబెట్టింది ఆ మాటే. ఇదే ముగింపు మాట కాలపరిమితి దాటిన కేసులకూ వస్తుంది, ముద్దాయి చనిపోయినా వస్తుంది. కారణం ఏదో తప్పకుండా రాయాలి.

నేరస్థుల అప్పగింత కాగితాల్లో అయితే ఒక్కో మాట ప్రభుత్వాల్నే కట్టిపడేస్తుంది. ముంబై పేలుళ్ల కేసు నిందితుడు, 2002లో లిస్బన్‌లో పట్టుబడ్డ అబూ సలేంను పోర్చుగల్ 2005 నవంబరులో మనకు అప్పగించింది. మరణశిక్ష వేయబోమని, 25 ఏళ్లకు మించి జైల్లో ఉంచబోమని భారత్ హామీ ఇచ్చాకే అది జరిగింది. పోర్చుగల్‌లో శిక్షకు గరిష్ఠ పరిమితి 25 ఏళ్లే. 2022 జులైలో మన సుప్రీంకోర్టు ఆ హామీకి ప్రభుత్వం కట్టుబడాలంది. ఆయనతో పాటే అప్పగించిన నటి మోనికా బేడీ మీద కర్నూలు చిరునామాతో తీసిన నకిలీ పాస్‌పోర్టు కేసు మన హైదరాబాద్ సీబీఐ కోర్టులోనే నడిచింది. ఇలాంటి ఫైళ్లలో "ప్రిన్సీపియో ద ఎస్పెసియలిదాదె" అన్న మాట వస్తుంది. ఏ నేరాలకు అప్పగించారో వాటికే విచారించాలన్న నియమం, ఇంగ్లీషులో "రూల్ ఆఫ్ స్పెషాలిటీ". ఇదే మాట మామూలు క్రిమినల్ తీర్పులో వస్తే అర్థం వేరు: సాధారణ చట్టం, ప్రత్యేక చట్టం రెండూ వర్తిస్తే ప్రత్యేకానిదే పైచేయి అని. ఫైలు దేని గురించో చూడకుండా ఈ మాట ముట్టుకోకూడదు.

అంకెలు. పదాల మీద ఇంత ధ్యాస పెట్టి అంకెల దగ్గర జారిపోయేవాళ్లను చాలామందిని చూశాను. పోర్చుగీసులో కామా దశాంశ బిందువు, చుక్క వేలను విడదీసేది. "1,250 కిలోలు" అంటే ఒక కిలో 250 గ్రాములు. దాన్ని అలాగే ఇంగ్లీషులో వదిలేస్తే కొకైన్ టన్ను దాటిపోతుంది. బ్రెజిల్ జడ్జి శిక్షను మూడు దశల్లో లెక్కకడతారు: మూల శిక్ష, ఉపశమన, తీవ్రతర కారణాలు, చివర భిన్నాలతో పెంపు తగ్గింపులు. మీరు అనువదించాక ఆ లెక్క మీ ఇంగ్లీషులోనే చేసి చూడండి. రౌబోకు మూల శిక్ష నాలుగేళ్లు వేసి, తుపాకీ వాడినందుకు మూడింట రెండు వంతులు పెంచితే 6 ఏళ్ల 8 నెలలు. మీ పేజీలో అంత రాకపోతే ఎక్కడో భిన్నం తప్పు చదివారు. పోర్చుగల్ కాగితంలో "ముల్తా", "కొయిమా" రెండూ "ఫైన్" అయ్యే ప్రమాదం ఉంది. ముల్తా నేరానికి పడే జరిమానా. కొయిమా పాలనాపరమైన ఉల్లంఘనకు కట్టేది, నేర చరిత్రలోకి ఎక్కదు.

నిఘంటువు గురించి మళ్లీ. నేను ముందు తెరిచేది చట్టాన్నే. బ్రెజిల్ చట్టాలన్నీ సవరణలతో సహా ప్లనాల్తో ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా ఉంటాయి. పోర్చుగల్‌వి దియారియో ద రెపూబ్లికాలో. నేరం జరిగిన తేదీన ఉన్న పాఠమే చదవాలి. స్త్రీ హత్యను 2015లో హత్యలో తీవ్రతర రకంగా చేర్చారు, 2024లో 121-ఏ కింద విడి నేరం చేసి 20 నుంచి 40 ఏళ్ల శిక్ష పెట్టారు. 2020 నాటి తీర్పుకు ఇప్పటి ఆర్టికల్ చూస్తే నంబరే కలవదు. గోవాలో చదివారు కాబట్టి అక్కడి వారసత్వ కాగితాల పోర్చుగీసు మీకు అలవాటై ఉంటుంది. అది సివిల్ కోడ్ భాష, దాన్ని నమ్ముకుని క్రిమినల్ ఫైలులోకి దిగకండి.

మూలపదాన్ని మొదటిసారి వచ్చిన చోట వాలు అక్షరాల్లో పక్కన పెట్టడానికి ఏజెన్సీ ఒప్పుకోకపోవచ్చు, పేజీ శుభ్రంగా ఉండాలంటారు. పట్టుబట్టండి. లండన్ లాయరు రేపు బ్రెజిల్ లాయరుతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇద్దరికీ ఉమ్మడిగా ఉండేవి ఆ మూలపదమూ, ఆర్టికల్ నంబరూ మాత్రమే. గమనికలు రాయండి, కానీ ఇది మన చట్టంలో ఫలానా సెక్షన్‌కు సమానం అని తేల్చకండి. రెండు నేరాలు ఒకటేనా కాదా అన్నది కోర్టు తేల్చాల్సిన విషయం.

ముందుగా మీ తీర్పు చివరి పేజీ, "దిస్పొజితీవో" అనే భాగం తెరవండి. ఏ ఆర్టికల్ కింద, ఎంత శిక్ష, ఏ పద్ధతిలో అన్నది అక్కడ ఉంటుంది. 121 మూడో పేరానా, 302నా అన్నది చూసి, పేర్లూ కేసు నంబరూ తీసేసి ఆ ఒక్క పేరా ఇక్కడ పెట్టండి. మిగతా మాటలు కలిసి చూద్దాం.